అంబలి ముందు తాగినవాళ్ళు, వెనక తాగినవాళ్ళు

మొన్న జయపురంలో కళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చుంటే, పక్కనావిడ తన మనవడు ఏదో పొడి పాలల్లో కలుపుకుని తాగి క్లాసులో మొదటివాడయ్యాడని ఎంతో మురిసిపోతూ చెప్పింది. ఆ కుర్రాడు అదే నెలలో ట్యూషన్‌కి కూడా చేరాడన్న సంగతి మాటల మధ్య జారిపడింది గానీ ఆవిడ దాన్ని ఏరుకోలేదు. నవ్వు ఆపుకోవడానికి కళ్ళు మూసుకున్నాను. అప్పటికే కంట్లో మందు వేశారు గనక ఎవరికీ అనుమానం రాలేదు. అలా కళ్ళు మూసుకుంటే మా చిన్నత్త గుర్తొచ్చింది.

చిన్నత్త అంటే మా నాన్న చెల్లెలు. పంతొమ్మిదివందల డెబ్బైలలో బిస్సమ్ కటక్ దగ్గర ఒక చిన్న బడిలో టీచరు. సెలవు మీద వెళ్ళిన ఒకావిడ స్థానంలో, ఇరవయ్యేళ్ళ వయసులో నేనూ అదే బడిలో చేరి, చిన్నత్త ఇంట్లోనే ఉండేదాన్ని. ఎవరైనా గంభీరంగా మాట్లాడుతుంటే సూది గుచ్చి గాలి తీసెయ్యడం తప్ప నాకప్పటికి వేరే అర్హతలు లేవు.

కొండ దిగి వచ్చే పిల్లలు చాలామంది పొద్దున్నే ఖాళీ కడుపుతో వచ్చేవారు. చిన్నత్త బడి వెనక మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, మొదటి గంటలోపు వచ్చినవాళ్ళకి రాగిపిండితో చోడి అంబలి కాచి పోసేది. ఇది బడా వంటిల్లా అని పెద్ద టీచరమ్మగారికి విసుగు. అంబలి వల్ల చదువుకి మేలుందని నెలాఖరులోగా చూపించమనీ, లేకపోతే పొయ్యి తీసెయ్యమనీ చెప్పేశారు.

చిన్నత్త ట్రైనింగులో చదివిన మనస్తత్వశాస్త్రం పుస్తకం దుమ్ము దులిపింది. పిల్లలకి పది మాటలు వినిపించి, పాఠం అయ్యాక ఎన్ని గుర్తున్నాయో అడిగింది. అంబలి తాగినవాళ్ళు తాగనివాళ్ళని ఎక్కడో వెనక వదిలేశారు. ఆ సాయంత్రం ఆమె మొహం పండగలా ఉంటే, నా నోరు ఊరుకుంటుందా?

"అత్తా, నీ అంబలి పెందలాడే వచ్చినోళ్ళకే కదా అందతాది? అలాటి బుద్ధిమంతులు ఉత్త నీళ్ళు తాగినా బాగానే సదువుతారు. నువ్వు పరీచ్చ సేసింది అంబలిని కాదు, కోడికూతని."

 ఆమె మార్కులు రాసుకున్న కాగితాన్ని నిలువునా చింపేసింది. నేను ముక్కలు ఏరబోయాను.

"అదేటత్తా! పెద్ద టీచరమ్మకి అది సాలును కదా?"

"ఆవిడికి సాలతాది. నాకు సాలదు. నీ నోరు పాడు నోరే గానీ అమ్మీ, మాట నిజం సెప్పేవు."

మన ఈడువారికి గుర్తుండే ఉంటుంది, చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనలో, బైబిలు వాక్యాల చీటీలున్న వాగ్దానాల పెట్టె తిప్పేవారు. పెద్దాచిన్నా తేడా లేకుండా ఎవరి చేతికి ఏ వాక్యం చీటీ వస్తే అదే వారిది. చిన్నత్త ఆ పెట్టెనే బడికి తెచ్చింది. సగం చీటీలకి చుక్క, సగం ఖాళీ. చురుకైనవాళ్ళూ మందకొడివాళ్ళూ, దగ్గరవాళ్ళూ దూరంవాళ్ళూ ఏ ఒక్కరి ఇష్టంతోనూ పని లేకుండా రెండు వైపులకీ పంచుకుపోయారు. చుక్క వచ్చినవాళ్ళకి పరీక్షకి ముందు అంబలి, మిగతావాళ్ళకి పరీక్ష కాగానే. ఆకలితో ఎవరినీ ఇంటికి పంపనని ఆమె పట్టు.

మొదటి రోజే అంతా తల్లకిందులైంది. ఒకరు తింటుంటే ఇంకొకరు చూస్తూ కూర్చునే అలవాటు ఆ కొండ పిల్లలకి లేదు. చుక్క వచ్చినవాళ్ళు సగం తాగి, మిగతా సగం ఖాళీ చీటీవాళ్ళ చేతిలో పెట్టారు. మార్కులు సరిసమానం! చిన్నత్త కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వి, మర్నాటినుంచి చుక్కవాళ్ళు తాగే వేళకి ఖాళీ చీటీవాళ్ళని తోటలో పాటలకి పంపింది. అప్పుడు మార్కులు పాటకొస్తాయో అంబలికొస్తాయో తెలీదని నేను గొణిగితే, తాగినవాళ్ళ చేత కూడా అవే పాటలు పాడించింది. ఈసారి పరీక్ష పెట్టేది నేను. పై పెదవి మీద అంబలి మీసం కనబడితే చాలు, పొయ్యి నిలవాలన్న ఆశతో నాకు తెలియకుండానే జవాబు అందించేస్తున్నానని ఆమె కనిపెట్టింది. ఆపైన అందరూ మూతి కడుక్కున్నాకే నా దగ్గరికి రావాలి.

చివరికి ముందు తాగినవాళ్ళదే పైచేయిగా తేడా నిలిచింది, కానీ మొదట కనబడినదాంట్లో సగం కూడా లేదు. పైగా ఒక వానరోజు ఫలితం తిరగబడింది. పొయ్యి పోతుందన్న బెంగతో, ఆ ఒక్క రోజూ రాయొద్దని బతిమాలాను. జోకులు మాని నేను బతిమాలడం అదే మొదలు. ఆమె రాసింది.

పెద్ద టీచరమ్మగారు కాగితం రెండుసార్లు చదివారు.

"వానరోజు తిరగబడిందని మీరే రాసేరేమమ్మా?"

"జరిగిందండీ, అందుకు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, పొయ్యి ఉంచుకోమనీ, పొగ మాత్రం మూడో తరగతిలోకి రాకుండా చూడమనీ అన్నారు.

ఇప్పుడు బళ్ళలో అన్నం పెడుతున్నారు, ఎందుకని ఎవరూ అడగరు; అడగకపోవడమే న్యాయం. చిన్నత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ బడి తరవాత నా ఉద్యోగకాలమంతా నా వెటకారాలకి నవ్వినవాళ్ళు బోలెడంతమంది దొరికారు. నా మాట విని, చేసిన పనిని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టిన మనిషి మాత్రం ఇంకొకరు దొరకలేదు.