మూత లేని రాగి అండా

ఆవిరిని చూసి మురిసిపోయే మనుషులంటే నాకు ఈ వయసులోనూ ఒళ్ళు మంట. మా అన్న అచ్చం అలాంటివాడు.

మాది తిరువళ్ళూరులో పప్పుల అంగడి, మణవాళనగర్‌లో కొత్త ఇల్లు. డెబ్బయ్యో దశకం చివర్లో మా అన్న కరెంటుతో నీళ్ళు కాచే హీటరు కొన్నాడు. పెద్ద రాగి అండాకు పసుపు కుంకుమ పెట్టి, అందులో హీటరు వేలాడదీసి, వీధిలో పోయేవాళ్ళకు కనబడాలని పెరటి తలుపు బార్లా తెరిచిపెట్టేవాడు. మార్గశిరం. పూండి చెరువు వైపు నుంచి మంచు దిగి వస్తుంటుంది. తెల్లవారుజామున అండా మీద ఆవిరి మబ్బులా లేస్తే, “చూడరా, ఎట్ల కాగతా ఉందో!” అని పొంగిపోయేవాడు. ఆయన కాచింది సగం నీళ్ళనైతే, సగం పెరట్లో గాలిని.

మూత వెయ్యమంటే కోపం. అంగడిలో బస్తాల మూతులు వెనక్కి మడిచి, పప్పు కళ్ళబడేలా పెట్టడం మావాళ్ళ పద్ధతి. “మూసిపెట్టిన సరుకు యాడన్నా అమ్ముడుపోయినాదా? మూతేస్తే లక్ష్మి రాదురా” అనేవాడు. ఆ తెలివే ఇంటికీ పట్టించాడు. అమ్మ పడుకునే గది కిటికీల పైన ఇనుప జాలీలు పెట్టించి, వాటికి తలుపులే పెట్టించలేదు. చలి రాత్రంతా నేరుగా ఆమె మంచం మీదికే దిగేది.

అమ్మకు ఉబ్బసం. అయినా నెలనెలా కృత్తిక నక్షత్రం నాడు తెల్లవారకముందే తలస్నానం చేసి, తిరుత్తణి కొండ మెట్లెక్కి స్వామిని చూసి రావాలని మొక్కు. నేను పుట్టక ముందటి మొక్కు అది. ఇంట్లో మగవాళ్ళు, పిల్లలు, వదిన, అందరూ అయ్యాక అమ్మ వంతు. అప్పటికి నీళ్ళు చల్లారిపోయేవి. మళ్ళీ హీటరు వేసేవాళ్ళం. బిల్లు వచ్చిన రోజున తప్పంతా అమ్మదేనని తేలింది.

“ముసలామెకు తెల్లారేలోగా వేన్నీళ్ళెందుకు? ఎండెక్కినాక పోసుకుంటే పోలేదా?” అన్నాడు అన్న.

నేను బడి మొహం చూడలేదు. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చినవాణ్ణి. అన్నం గిన్నెకు మూతెందుకు పెడతామో తెలిసినవాడికి దీనికి చదువెందుకు? అన్న సరుకు కొనడానికి ఊరెళ్ళిన వారంలో అండాకు చెక్కమూత చేయించాను. అంగడి గోనెల్లో వరి ఊక కూరి, అండా చుట్టూ దట్టంగా కట్టాను. అమ్మ గది జాలీలకూ గోనెలు బిగించాను. నీళ్ళు కాగగానే హీటరు తీసేసి మూత పెట్టేవాళ్ళం. అమ్మ వంతు వచ్చేసరికి నీళ్ళు పొగలు కక్కుతూనే ఉండేవి. ఆ నెల ఆమె దగ్గు కూడా తగ్గింది.

అన్న తిరిగొచ్చి చూశాడు. “ఇది ఇల్లా, గోడౌనా?” అన్నాడు. కానీ బిల్లు తగ్గేసరికి నోరు మూసుకున్నాడు.

ఎన్నాళ్ళు? మద్రాసు నుంచి ఆయన మామ వస్తున్నాడని తెలిసేదాకా. ముందురోజు సాయంత్రమే ఊకంతా పెరట్లో కుమ్మరించి, గోనెలు పీకి, మూత గోడవతల పారేశాడు. “మామ చూస్తే మానం పోతాది” అన్నాడు. మరుసటి పొద్దు కృత్తిక. మామగారు ముందు స్నానం చేశారు, “భలే ఉందబ్బా అండా!” అన్నారు. అమ్మ వంతుకు నీళ్ళు మంచులా ఉన్నాయి. హీటరు వెయ్యబోతే అన్న నా చెయ్యి పట్టుకుని, “మళ్ళా కరెంటా? సుమ్మా ఉండరా, ఊరుకో” అని గొణిగాడు.

“వద్దులే నాయనా, కొట్లాడుకోవద్దండి” అంటూ అమ్మ చన్నీళ్ళే నెత్తిన పోసుకుంది.

కొండమెట్ల మీద సగం దారిలో కూలబడింది. ఊపిరి అందలేదు. నేను వీపున మోసుకుని కిందికి దిగాను. స్వామిని చూడకుండా ఆమె వెనుదిరిగిన కృత్తిక అదొక్కటే. దారంతా ఏడ్చింది. ఇంటికొచ్చేసరికి మా అన్న ఆ రాగిని చింతపండుతో తోముతున్నాడు!

గోడవతల పడున్న మూత చంకన పెట్టుకుని, అమ్మను తీసుకుని తిరుత్తణికి బస్సెక్కాను. కొండ కింద ఒంటి గది అద్దెకు తీసుకున్నాను. పొయ్యి మీద కాచిన నీళ్ళు పోసి ఉంచడానికి మట్టి కాగు, దాని చుట్టూ ఊక, పైన ఆ చెక్కమూత. పై కృత్తికకు అమ్మ కొండెక్కింది.

ఆ చలిలోనే అన్న ఒకసారి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, “ఏందిరా, అంతా ఇట్ల మూసిపెట్టినావు?” అని ముక్కు చిట్లించాడు. లోపల అమ్మ దగ్గు లేకుండా నిద్రపోతోంది.

“చలి వస్తా ఉండాది, జరుగు” అని తలుపు కూడా మూశాను.