వెండి కుక్క ఉన్న తుపాకి

మామ తుపాకి కొన్నది అడవిపందుల కోసం. తేని ఊరి దగ్గర కొండ కింద ఆయనకున్న జొన్నచేనును ఒక కౌలుదారు చేసేవాడు. పంటలో సగం వాడిది. ఆ సగమే వాడింటికి ఏడాది తిండి. కిందటేడు పందులు చాలావరకు మేసిపోయాయి. ఈసారీ మేస్తే సిలోను కాఫీతోటలకు కూలీలను తోలుకుపోయే కంగాణి వెంట నడవడం తప్ప వాడికి దారి లేదు. మామకు ఇది బాగా తెలుసు.

సీమకు తిరిగిపోతున్న దొర ఒకడు మధురలో సామాను వేలం వేస్తున్నాడని నేను పనిచేసే పత్రికాఫీసులో విని కబురు పంపింది నేనే. మామ ఒక ముసలి వేటగాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. అక్కడ రెండు తుపాకులున్నాయి. ఒకటి ఒంటిగొట్టం, మొరటుది. రెండోది జంటగొట్టాలది; దాని పక్కభాగం మీద వెండితో చెక్కిన కుక్క బాతును పట్టబోతూ ఉంటుంది. ముసలివాడు రెండింటి గొట్టాల్లోనూ చువ్వ జారవిడిచి మోత విన్నాడు, టోపీని కొట్టే సుత్తిని, అదే తుపాకి గుర్రాన్ని, బొటనవేలితో లాగి చూశాడు.

"ఒంటిదే తీసుకోండయ్యా. ఇనుము మందంగా ఉండాది. మిగిలేదాంతో మంచి మందు కొని దినమూ నాలుగేట్లు కాల్చండి. నెలకి చెయ్యి కుదురుతాది. నాకు ఒక మూట సోళం పోస్తే చాలు." సోళమంటే ఆ వైపు మాటలో జొన్నలే.

"మా తాతలు పాళెగాళ్ల కాడ కత్తి పట్టినోళ్లప్పా," అన్నాడు మామ. "గురి మాకు నెత్తురులోనే ఉండాది. దానికి నీకు మూట సోళమా?"

జంటగొట్టాల తుపాకికి ఒక జత ఎద్దుల ధర పోశాడు. పందులను ఆ వెండి కుక్కే తరుముతుందని నమ్మినట్టున్నాడు. ఆ ఖర్చును పూడ్చుకోవడానికి తుపాకిమందును చవకగా బాణసంచా చేసేవాళ్ల దగ్గర కొన్నాడు. ముసలివాణ్ణి తిరుమంగళం దాకా బండి ఎక్కించి, దారి మధ్యలో అక్కడే దింపేశాడు.

ఆయుధపూజ వచ్చింది. మా ఇళ్లలో ఆ రోజు కొడవలికీ తక్కెడకూ కూడా బొట్టు పెడతారు. మామ తన చేత్తో తుపాకికి గంధం పూశాడు. గొట్టానికొకటి చొప్పున, మందుకు నిప్పందించే చిన్న రాగి టోపీ తొడిగే ములుకు ఉంటుంది. తుపాకికి కన్ను అదేనని దానికి మరింత దట్టంగా పట్టించాడు. ఆ ములుకులోని సన్నని రంధ్రం గుండానే నిప్పు లోపలికి పోవాలని ఆయనకు తెలియదు. ఆ తరవాత నెలరోజుల్లో ఒక్క ఏటు కాల్చి ఉన్నా తెలిసేది. తుపాకిని వాడితే మెరుగు పోతుందని పట్టుగుడ్డలో చుట్టి పెట్టాడు.

జొన్న పాలుపోసుకునే వేళకు మామ మంచె ఎక్కాడు. నేనూ వెళ్లాను. కౌలుదారు అంతవరకూ తప్పెట కొట్టి పందులను కాస్తో కూస్తో బెదరగొట్టేవాడు. మోతకు అవి చెదిరిపోతే గురి దొరకదని మామ తప్పెట మాన్పించాడు. పొద్దు వాలగానే మంద దిగింది. మామ రెండు గుర్రాలూ లాగి, మీటలు నొక్కాడు. టోపీలు రెండూ చిటుక్కుమన్నాయి, అంతే. ఒక పెద్దపంది తలెత్తి మా వైపు చూసి, తీరిగ్గా మళ్లీ మేతలో పడింది.

మూడు సాయంత్రాలు ఇదే తంతు. మామ మందును తిట్టాడు, దొరను తిట్టాడు, మంచె ఊగుతోందని కౌలుదారునూ తిట్టాడు. మూడు సాయంత్రాలూ వాడు తప్పెట ముట్టలేదు. అయ్య మాట కాదనడం వాడికి రాదు. తప్పెట మాన్పించడం తప్పని చెప్పడం నాకు వచ్చు, చెప్పలేదు. నాలుగో రోజు తెల్లవారేసరికి చేలో దాదాపు దంట్లే మిగిలాయి. ఆ తరవాతే తుపాకిని పళనిలో కమ్మరి దగ్గరికి పంపితే, వాడు సూదితో గంధం పొడి రాల్చి చూపించాడు.

మిగిలిన కాసిని కంకులు ఎండాక దులపగా వచ్చిన గింజల్లోనూ మామ సగం కొలిచి తీసుకున్నాడు. వాటా వాటానే అన్నాడు. పెద్దమనసు కూడా చూపించాడు.

"ఉండరా. వచ్చే ఏటికి కాల్చేది నేర్చుకుంటాను."

"నేర్చుకోండయ్యా," అన్నాడు కౌలుదారు. "కంగాణి శుక్రవారం దాకానే ఆగుతాడు."

శుక్రవారం వాడూ, భార్యా, ఇద్దరు పిల్లలూ మధుర మీదుగా, సిలోనుకు పడవలు పోయే తొండి రేవుకు నడిచిపోయారు.