హసీనా రాసిన అర్జీ

పదకొండేళ్లు నా బీరువాలో పట్టుచీరల అడుగున ఒక కవరు ఉండేది. చీర తీసిన ప్రతిసారీ చేతికి తగిలేది. మొన్నమొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకూ చెప్తున్నాను.

నేను బనగానపల్లె దగ్గర ఒక ఊళ్లో తెలుగు టీచరును. నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీల తెల్లటి బురద మా ఊరి వంకలో పడేది. ఎండితే పొడిగా లేచేది. పిల్లలు దగ్గుతూ బడికొచ్చేవారు. దీని మీద కలెక్టరుకు అర్జీ రాయమని తొమ్మిదో తరగతికి చెప్పింది నేనే. అందరిలోకీ హసీనా రాసింది బాగుంది. ఉతికిన బట్టలు అట్టల్లా బిరుసెక్కుతున్నాయని, గొర్రెలు వంక దాకా వచ్చి నీళ్లు ముట్టకుండా తిరిగిపోతున్నాయని రాసింది. సాక్ష్యంగా చిటికెడు పొడి పొట్లం కట్టి అతికించింది. క్లాసంతా సంతకాలు పెట్టి, కింద ఫ్యాక్టరీల పేర్లు రాశారు.

మొదటి పేరు మా మరిది ఫ్యాక్టరీది.

సోమవారం కలెక్టరాఫీసులో ఇచ్చొస్తానని కవరు తీసుకున్నాను. ఇవ్వనని అప్పుడే నాకు తెలుసా? తెలుసు. ఇంట్లో గొడవలెందుకని, ఒక్క కాగితంతో బురద ఆగుతుందా అని, ఎన్ని రకాలుగా సర్దిచెప్పుకున్నానో! అయినా దాచడం కాదు నా అసలు తప్పు.

నెల తర్వాత హసీనా అడిగింది.

"మేడం, మన అర్జీకి జవాబొచ్చిందా?"

"రాలేదమ్మా."

"నేను సరిగ్గా రాయల్యేదేమో మేడం."

"ఊఁ... ఇంకా బాగా రాసింటే బాగుండు."

ఎంత సులువుగా అనేశాను! తల వంచుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత వ్యాసరచన పోటీకి ఎన్నిసార్లు పిలిచినా పేరివ్వలేదు.

వంక ఇప్పటికీ తెల్లగానే ఉంది. ఈ ఏడు పిల్లలు, నేను చెప్పకుండానే, దాని మీద అర్జీ రాస్తామన్నారు. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. కవరు తెచ్చి క్లాసులో చదివాను. ఎవరు దాచారో, ఎందుకు దాచారో కూడా చెప్పాను. ఒక పిల్ల లేచింది.

"ఆ యక్క ఇప్పుడు యాడుండాది మేడం?"

వేంపల్లెలో, అత్తగారింట్లో. ఈ సోమవారం పాత అర్జీ, కొత్త అర్జీ రెండూ పిల్లలే తీసుకెళ్తారు. నేను బస్సులో తోడు వెళ్తానంతే. మరిదికి చెప్పాను. మాటలు బందయ్యాయి.

హసీనాకు నిన్న ఉత్తరం పోస్టు చేశాను. క్షమించమని అడగలేదు, ఆ ముఖం నాకు లేదు. జరిగిందంతా రాశాను. మొదటి వాక్యం మాత్రం చాలాసేపు ఆలోచించి రాశాను: నువ్వు బాగా రాశావమ్మా, నేనే ఇవ్వలేదు.