మొగుడు బతికున్న దయ్యం

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా గద్వాలలో ఒక పెద్ద గొడవ నడిచింది. రోజుల తరబడి నల్లా నీళ్లు రాకపోయినా నోరు మెదపని జనం, జాతరకు వచ్చే దయ్యాల బంగ్లాలో ఏ దయ్యం ఉండాలి, ఏది పోవాలి అనే సంగతి మీద చాయ్ హోటల్లో బల్లలు గుద్దుకున్నారు. మీకు నవ్వొస్తే నవ్వుకోండి. మొదట్లో నేనూ నవ్వాను.

బంగ్లా అంటే నిజం బంగ్లా కాదు. రేకులు, నల్లగుడ్డలు, వెదురుగడలు. ఏటా కోట దగ్గరి మైదానంలో లేచేది. మా దగ్గర అయిపోయాక వనపర్తికి, అక్కడి నుంచి నాగర్‌కర్నూలుకు లారీ ఎక్కి పోయేది. లోపలంతా చీకటి సందు. ఒక మలుపులో పాడె మీంచి లేచే శవం, ఇంకో మలుపులో తలకిందులుగా వేలాడే మనిషి, అన్నిటికీ చివర విసుర్రాయి ముసలమ్మ. ఆమె మనకు వీపు పెట్టి కూర్చుని కుడిచేత్తో రాయి తిప్పుతూ ఉండేది. లోపల సైకిల్ చైను పెట్టారేమో, గరగరమని చప్పుడు. మనం దగ్గరికి పోగానే పైన పసుపు బల్బు వెలిగేది. ఒళ్లు కదలకుండా తల ఒక్కటే గిర్రున మన వైపు తిరిగేది. చిన్నప్పుడు ఆ ముఖం చూసి జ్వరం తెచ్చుకున్నవాళ్లే, పెద్దయ్యాక తమ పిల్లల్ని చంకనేసుకుని తీసుకెళ్లి చూపించేవాళ్లు. మా ఊళ్లో ప్రేమ అలాగే ఉంటుంది.

మా నాయనది మగ్గం. గద్వాల చీరలు నేసే ఇంట్లో ఆడవాళ్ల ఒంటి మీద గద్వాల చీర కనపడదు, నేసిందల్లా షావుకారు ఇంటికి పోతుంది. ఒకే ఒక్కసారి నాయన మిగిలిన నూలూ పట్టూ కూడబెట్టి అమ్మకోసం ఒక చీర నేశాడు. మామిడిపండు రంగు చీర, పచ్చ అంచు. సగం నేసేసరికి అంచుకు అడ్డంగా వేసే పచ్చపట్టు అయిపోయింది. దొరికిన చిలకపచ్చతో మిగతా సగం పూర్తిచేశాడు. అంచు ఒకచోట ఉన్నట్టుండి లేతబడిపోతుంది. ఆయన సిగ్గుపడుతూ చేతికిస్తే అమ్మ మాత్రం "ఒక్క చీరల రెండు చీరలు ఇచ్చినవ్" అని మురిసిపోయింది. ప్రతి పండక్కీ అదే కట్టింది.

అమ్మ జబ్బుచేసి పోయింది. నాయన బతికుండగా పోయింది కాబట్టి పసుపు కుంకుమలతో పంపించారు. చూడవచ్చిన ఆడవాళ్లు అదృష్టవంతురాలని అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. దినాల నాడు మా ఇంటి ఆచారం ప్రకారం అమ్మ బట్టలన్నీ బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున వదిలిపెట్టాం. వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడవద్దని నాయనమ్మ నాయనవీ నావీ భుజాలు పట్టుకుని నడిపించింది.

"నీళ్లకు ఇడిసింది మళ్ల మన గడప తొక్కొద్దు కొడుకా. తొక్కితే అది ఒక్కతే రాదు" అంది నాయనతో. ఆ 'అది' చీరో, అమ్మో, ఆమె చెప్పలేదు.

ఆ తర్వాతి జాతరకు కాలేజీ స్నేహితురాళ్లతో కలిసి దయ్యాల బంగ్లాకు వెళ్లాను. శవం లేచింది, అందరూ అరిచారు, నేను అరిచినట్టు నటించాను. చివరి మలుపు తిరిగాం. గరగరమని చప్పుడు. వీపు పెట్టి కూర్చున్న ఆడమనిషి. కుడిచెయ్యి గుండ్రంగా తిరుగుతోంది.

అమ్మ రోజంతా అలాగే కూర్చునేది. నాయన మగ్గానికి కావలసిన కండెలు చుడుతూ, వీపు మా వైపు పెట్టి, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ. పసుపు బల్బు వెలిగింది. మామిడిపండు రంగు చీర. పచ్చ అంచు నడుం దగ్గర ఉన్నట్టుండి లేతబడిపోయింది. తల తిరగడం మొదలైంది. నేను కళ్లు మూసుకున్నాను. అరవాలనే సంగతి కూడా గుర్తుకు రాలేదు. పక్కనున్న పిల్ల నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

బయట టికెట్ల వరుసలో మా నాయన నిలబడి ఉన్నాడు. జాతరలో జిలేబీ కూడా కొనుక్కోని మనిషి. నన్ను చూసి తల దించుకున్నాడు.

"చూసినవా బిడ్డా?" అన్నాడు.

"చూసిన."

"నాయనమ్మకు చెప్పకు."

"నువ్వెప్పుడు చూసినవ్ నాయినా?"

"మొదటి రోజే. మగ్గంల ఒక పోగు తెగినా నాకు కండ్లు మూసుకుంటే తెలుస్తది, గది తెల్వదా?" వరుసలో ఒక అడుగు ముందుకు జరిగి అన్నాడు. "తల తిరిగెదాక ఉండొద్దు. బల్బు ఎలుగంగనే చూస్కొని, తిరగకముందే పోవాలె. అట్లయితే ఆమెనే."

బంగ్లా యజమానిని ఆయన అప్పటికే కదిపి చూశాడట. ఒడ్డున వదిలిన బట్టలు ఏరుకునేవాళ్ల దగ్గర మూటలకొద్దీ కొంటానని ఆ మనిషి దాపరికం లేకుండా చెప్పాడు. "కొత్త బట్ట చుడితే బొమ్మ బొమ్మలెక్కనే ఉంటదన్నా. మనిషి కట్టి ఇడిసిన బట్ట చుట్టిచూడు, మనిషిలెక్క కూసుంటది." ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పాడె మీద శవం కట్టుకున్న పంచె ఎవరిది? తలకిందుల మనిషి చొక్కా ఎవరి మేనమామది? ఊరి జనమంతా తమ చచ్చినవాళ్ల మధ్య నుంచి కేకలు పెట్టుకుంటూ, నవ్వుకుంటూ నడిచిపోతున్నారు, ఎవ్వరికీ తెలియదు.

అడిగితే చీర ఇచ్చేవాడే. తెచ్చి ఎక్కడ పెడతాం? గడప దగ్గర నాయనమ్మ కూర్చుని ఉంది. అందుకని మా నాయన అమ్మను చూడటానికి టికెట్ కొనేవాడు. బంగ్లా వనపర్తికి పోతే ఈయనకు వనపర్తిలో పని తగిలేది. నాగర్‌కర్నూలుకు పోతే అక్కడ ఎవరో చుట్టం గుర్తొచ్చేవాడు.

అలా ఉండగా మరో ఏడు, జాతరకు ముందే యజమాని వచ్చి చాయ్ హోటల్లో బాంబు పేల్చాడు. ముసలమ్మను తీసేస్తాడట. ఆ చోట కరెంటుతో నడిచే అస్థిపంజరం, నోట్లోంచి పొగ వదిలే పెద్ద బల్లి పెడతాడట. హైదరాబాద్ పక్కన పెద్ద పార్కులు వచ్చాయి, జనం ఇప్పుడు అలాంటివే అడుగుతున్నారట.

మా మగ్గం గది కిటికీ సరిగ్గా ఆ హోటల్ మీదికే తెరుచుకుంటుంది. నేను కండెలు చుడుతూ అంతా విన్నాను. కుర్రకారంతా బల్లి వైపు. నడివయసు వాళ్లంతా ముసలమ్మ వైపు. బల్లి మన ఊరి దయ్యం కాదని ఒకడు, దయ్యానికి ఊరేందని ఇంకొకడు. శవాన్ని కూడా మార్చాలని ఒకాయన, దాని జోలికొస్తే బాగుండదని మరొకాయన. తమ సొంత ఇల్లు కూలగొడుతున్నంత ఆవేశం. పాత దయ్యాల పక్షానికి పెద్ద, వీధి చివరి దర్జీ భాయ్. చిన్నప్పటి నుంచి ఒక్క జాతర కూడా వదలని మనిషి, మాటకారి.

"ముసలమ్మను ముట్టుకోవద్దు సేట్" అన్నాడు యజమానితో. "మా అబ్బా నన్ను భుజాల మీద కూసోబెట్టి చూపించిండు. ఆమె లేని బంగ్లా నాకొద్దు." నేను కిటికీలోంచి ఆయనకు దండం పెట్టాను. అంతలోనే ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. "కాకపోతే ఒక్క మాట. గా చీర మార్చాలె. దయ్యమంటే తెల్లచీర ఉండాలె గదా? రంగుల చీర కట్టుకున్న దయ్యం యాడుంటది? అందుకే పోరగాండ్లు భయపడ్తలేరు."

సభ అంతా 'సై' అంది. బల్లి పక్షం కూడా మెత్తబడింది. అప్పుడు మూలనుంచి మా నాయన లేచాడు. పది మందిలో ఆయన గొంతు నేను అంతకుముందు విన్నది లేదు.

"తెల్లచీర ఎట్ల కడ్తరు? ఆమె మొగుడు బతికే ఉన్నడు!"

హోటలంతా గొల్లుమని నవ్వింది. దర్జీ భాయ్ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, "యాడుంటడన్నా ఆయన? జర అడ్రస్ చెప్పు" అన్నాడు. ఆయన మంచివాడే, తెలియక అన్నాడు. నాయన తాగని చాయ్ బల్ల మీద వదిలేసి వచ్చి మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు. కాళ్లు తొక్కుళ్ల మీద పెట్టాడుగానీ తొక్కలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మొత్తం సంగతి కిటికీలోంచి అరిచి చెప్పేద్దామనుకున్నాను. చెబితే నాయనమ్మ చెవిన పడుతుంది. ఊరుకున్నాను.

జాతర వచ్చేదాకా ఊళ్లో అదే వేళాకోళం. మా నాయన సందులోకి వస్తే చాలు, "మొగుడు బతికున్న దయ్యం ఎట్లున్నదన్నా?" అనేవాళ్లు. ఆయన కూడా నవ్వేవాడు.

జాతర వచ్చింది. పాత దయ్యాల పక్షం గెలిచిందని దర్జీ భాయ్ అందరికీ చాయ్ తాగించాడు. ముసలమ్మ ఉంది, బల్లి రాలేదు. సాయంత్రం నాయనా నేనూ కలిసి వెళ్లాం. బంగ్లా వాకిలికి ఈసారి కొత్త పరదా కట్టారు. లోపలికి పోయేవాళ్లంతా దాన్ని చేత్తో తోసుకుని పోతున్నారు. తోసిన ప్రతిసారీ అది ఊగి, మళ్లీ తన చోటికి వచ్చి నిలబడుతోంది.

మామిడిపండు రంగు. వాకిలి మీది ట్యూబ్‌లైట్ వెలుతురులో ముదురు పచ్చ ఎక్కడ ఆగిందో, చిలకపచ్చ ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనపడుతోంది. కొంగు ఒక పక్కకు, మనిషి తలకు తగిలేంత ఎత్తులో వేలాడుతోంది.

నాయన ఒక్కడే లోపలికి వెళ్లాడు. చాలాసేపటికి వచ్చాడు.

"తెల్లచీర కట్టిండ్రు" అన్నాడు. "ఈసారి తల తిరిగెదాక ఉన్న. ఎవరో బిడ్డా. మనకు తెల్వదు."

ఇంటికి పోదామన్నాను. ఆయన కదల్లేదు. జనం ఎడాపెడా తోస్తుంటే చూడలేక పరదా పక్కన నిలబడి దాన్ని చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. ఒకరు పోగానే మెల్లగా వదిలేవాడు, ఇంకొకరు రాగానే మళ్లీ ఎత్తేవాడు. టికెట్లు చూసే మనిషి అనుకుని జనం ఆయన చేతిలో టికెట్లు పెట్టడం మొదలుపెట్టారు. ఆయన తీసుకున్నాడు. ఒక్కో టికెట్టూ సగానికి చించి తిరిగి ఇచ్చాడు. లోపలి నుంచి కేకలు వినపడుతున్నాయి. గల్లా పెట్టె దగ్గరి నుంచి యజమాని చూసి, మళ్లీ చిల్లర లెక్కపెట్టుకున్నాడు.

నాకేం చెయ్యాలో తోచలేదు. పోయి టికెట్ కొనుక్కుని వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. నాయన అందరి టికెట్ లాగే నాది కూడా చించాడు. చీర ఎత్తి పట్టుకున్నాడు.

"జర తల వంచి పో బిడ్డా" అన్నాడు. "అమ్మ కొంగు తలకు తాకుతది."

నేను తల వంచలేదు.