వద్దన్నా వచ్చిన మనిషి

సోయకూర తరుగుతుంటే వంటిల్లంతా ఘాటుగా వాసన కమ్ముకుంది. మా అమ్మ పప్పులో వేసేది ఈ ఆకే. నాకు మాత్రం ఇది పై అంతస్తు రోజా ఆంటీ వాసన. ఆవిడ పోయి రెండేళ్ళయినా, ఈ ఆకు చేతిలోకి తీసుకుంటే చాలు, జర్మనీలో, లైప్‌జిగ్‌లోని మా పాతకాలపు బిల్డింగ్ మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు వినిపిస్తుంది.

రోజా ఆంటీ ఎప్పుడో ఉక్రెయిన్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన యూదు మనిషి. ఇంట్లో యిడ్డిష్ మాట్లాడుతూ పెరిగింది. జర్మన్‌కి దగ్గరి చుట్టం ఆ భాష. ప్రార్థన హీబ్రూలో, నాతో కబుర్లు జర్మన్‌లో.

మా పాప కడుపులో ఉండగా ఏడో నెలలో డాక్టరమ్మ నన్ను మంచం దిగొద్దంది. దిగితే బిడ్డ దక్కడం కష్టమని మొహం మీదే చెప్పేసింది. అంతకుముందే ఒక బిడ్డను పోగొట్టుకున్నదాన్ని, నా భయం ఎవరికి చెప్పుకోను? మా ఆయనకి డ్యూసెల్‌డార్ఫ్‌లో కొత్త ఉద్యోగం, శనాదివారాలే ఇంటికి వచ్చేవాడు. అమ్మకి వీసా టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకలేదు. ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి ఏమైనా కావాలా అనేవారు. మొహమాటం కొద్దీ "అబ్బే, ఏం వద్దు" అనేదాన్ని. మనవైపు వద్దంటే ఇంకోసారి అడగమని కదా! ఈ దేశంలో వద్దంటే వద్దే. పాపం, వాళ్ళ తప్పేం లేదు. నేను బ్రెడ్డు, పాలతో సరిపెట్టుకుని గోడకేసి చూస్తూ ఏడ్చేదాన్ని.

ఒక మధ్యాహ్నం తలుపు బయట నుంచి రోజా ఆంటీ "సూప్ తెచ్చాను" అంది. "వద్దాంటీ, తినేశాను" అని మంచం మీంచే అరిచాను. మా ఆయన ఆవిడ దగ్గర ఒక తాళంచెవి ఉంచి వెళ్ళాడు. దాంతో తలుపు తీసుకుని లోపలికొచ్చేసింది. ఆలుగడ్డల సూపు, పైన సోయకూర.

"వద్దన్నాను కదాంటీ!"

"విన్నాను. మా అమ్మ కూడా ఆకలేసినప్పుడు అచ్చం ఇలాగే వద్దనేది. తిను."

నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. ఆవేళ్టి నుంచి ప్రసవం దాకా రోజూ వచ్చింది. బిడ్డ కదలడం లేదని నేను హడలిపోయిన రోజున, నా పొట్ట మీద చెయ్యేసి, అది తన్నేదాకా కదలకుండా కూర్చుంది.

"మీరింత మంచివారేంటాంటీ?" అంటే విసుక్కుంది.

"మంచిదాన్నేం కాదు, కింది వాళ్ళతో పోట్లాడి మాటలు మానేశాను. మా యిడ్డిష్‌లో మెన్ష్ అని ఒక మాట ఉంది. మనిషిలా బతికే మనిషి అని. మెన్ష్ ఎదుటివాళ్ళ మాట వింటాడు, కానీ మొహం కూడా చూస్తాడు. హీబ్రూలో హెసెద్ అంటారు, ఏ రుణమూ లేకపోయినా చేసే దయని."

"అయితే థాంక్స్ చెప్పొద్దా?"

"చెప్దువుగాని. ముందు సూపు తాగు, చల్లారిపోతోంది."

మనం "నువ్వసలు మనిషివేనా?" అని తిట్టడానికి వాడే మాట, వీళ్ళకి మెచ్చుకోలన్నమాట అనుకున్నాను. ఆ మెచ్చుకోలు ఆవిడకి నేను చెప్పనేలేదు. చెబితే మళ్ళీ విసుక్కునేదే!

ఆ పొట్టలోని పిల్ల ఇప్పుడు ఒకటో తరగతి. ఇవాళ దాన్ని వెంటబెట్టుకుని, సోయకూర పప్పు గిన్నెతో కింది అంతస్తుకి దిగాను. అక్కడ ఖమ్మం నుంచి చదువుకోడానికి వచ్చిన శ్రావ్య ఉంటోంది. మంచులో జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టుకాలుతో కుంటుకుంటూ వచ్చి తలుపు ఓరగా తీసింది.

"అయ్యో, వద్దక్కా, ఇప్పుడే తిన్నా" అంది. కళ్ళు మాత్రం గిన్నె మీదే ఉన్నాయి.

మా పిల్ల నా చున్నీ లాగింది. "మమ్మీ, అక్క నైన్ అంది కదా, వద్దని! పద."

"విన్నాన్లే" అంటూ చెప్పులు విప్పాను. "శ్రావ్యా, కంచాలెక్కడ పెట్టుకున్నావమ్మా?"