బోదగడ్డిలో ఒక్క పిలుపు

హిందూపురంలో నా ఫోటో స్టూడియోలో ఒక పరదా ఉండేది. ఊదారంగు పూలతోట, దాని వెనక నీలం సరస్సు, సరస్సు పక్కన గడ్డి మైదానం, ఆ వెనక మంచుకొండలు. ఎవరో ఆర్టిస్టు విదేశీ క్యాలెండర్ చూసి వేసిన బొమ్మ. అగళి, రొళ్ల వైపు నుంచి పెళ్లిచూపుల ఫోటోకని వచ్చే ఆడపిల్లలందరూ దాని ముందరే నిలబడేవాళ్లు. రెండువేల రెండు ఎండాకాలంలో, మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చిన రొళ్ల పెద్దాయన ఒకాయన ఆ పరదాను చాలాసేపు చూసి, "ఏమప్పా, ఈ జాగా యాడుండాది?" అని అడిగాడు. తెలియదన్నాను. "నువ్వు సూసినావా?" అన్నాడు. చూడలేదన్నాను. "నువ్వే సూడని జాగాలో మా పిల్లను నిలబెడతాండావే" అని నవ్వాడు. ఆయన సరదాకే అన్నాడు గానీ నాకు రోషం వచ్చింది. నాకు రోషం త్వరగానే వస్తుంది. పూలతోట, సరస్సు, గడ్డి మైదానం మూడూ మన చుట్టుపక్కలే వెతికి, ఫోటోలు తీసి, పెద్దవి చేయించి గోడకు తగిలిస్తానని ఆ రోజే పదిమందితో చెప్పేశాను. ఈ మధ్య ఆ దారిలో పోవాలని ఒకరిద్దరు వివరాలు అడిగారు కాబట్టి, ఎలా వెళ్లాలో, వెళ్తే నాకేం ఎదురైందో రెండూ రాస్తున్నాను.

మే నెలలో ఒక మంగళవారం స్టూడియోకి తాళం వేసి పొద్దున్నే ప్యాసింజరు రైలెక్కాను. హిందూపురం నుంచి పెనుకొండకు గంట ప్రయాణం, టికెట్టు అప్పట్లో పది రూపాయల లోపే. బస్సులు కూడా చాలానే ఉన్నాయి గానీ, రైల్లో అయితే పెనుకొండ కొండ దగ్గరపడే కొద్దీ కోటగోడలు ఒక్కొక్కటే బయటపడడం కనిపిస్తుంది. ఊళ్లో దిగి ఒక చిన్న హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ప్లేటు ఎనిమిది రూపాయలు. ఏడున్నరకే హోటలు రేకులు వేడెక్కి చిటపటమంటున్నాయి. బయట నిలబడి ఉన్న ఆటో అతన్ని పిలిచి, ధర్మవరం దాకా దారిలో ఆగుతూ పోవాలంటే ఎంతని అడిగాను.

అతని పేరు ఓబులేసు. యాభై దాటిన మనిషి, నెత్తికి తడిపిన తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. "మూడు నూర్ల యాభై ఇయ్యి సార్. యాడంటే ఆడ నిలబెడతా. అయితే ఒక మాట" అన్నాడు. "నా పెండ్లాం దారిలో బోద కోస్తాండాది. మబ్బునే, తెల్లారకముందే, నేనే దింపొచ్చినా. వానలు రాకముందే కొట్టం కప్పల్ల గదా. పదకొండుకి ఆడికి పోయి మోపులు ఏసుకోవల్ల. ఆయమ్మకాడ ఉండేది ఒక బిందె నీళ్లే." బోద అంటే నడుము దాకా పెరిగే గడ్డి, ఎండితే గుడిసెల మీద కప్పుతారు. అదెంత ఉంటుందని అడిగితే, గుట్ట కింద కనుచూపు మేరా అదేనన్నాడు. నా మూడో ఫోటో కాళ్ల దగ్గరికే వచ్చినట్టయింది. పదకొండుకల్లా అక్కడ ఉందామని మాటిచ్చి ఆటో ఎక్కాను.

ఊదారంగు పూలు ఈ ఎండల్లో యాడుంటాయి సార్ అని కాసేపు ఆలోచించి, అతను నన్ను ఒక వంగతోటకు తీసుకుపోయాడు. నవ్వకండి. బోరు నీళ్ల కింద రెండెకరాల వంగతోట విరగబూసి ఉంటే, మోకాళ్ల మీద కూర్చుని చూస్తే ఆ ఊదారంగుకి విదేశం దిగదుడుపే. పందులు రాకుండా తోట చుట్టూ పాత చీరలు కట్టారు. ఎండకు రంగు పోయిన చీరలు, మనిషెత్తు కట్టెలకు. గాలి లేదు. అయినా చీరలు కదులుతున్నాయి, ఒకటి తర్వాత ఒకటి, ఎవరో వాటి వెనకగా నడుస్తున్నట్టు. మోటారు ఆడుతోంది, కాలవలో నీళ్లు పారుతున్నాయి, గట్టు మీద సద్ది క్యారియరు మూత తీసి ఉంది, మనిషి మాత్రం లేడు. రెండుసార్లు కేకేశాను. "కరెంటు వచ్చినప్పుడు దానంతటదే ఆడే మోటరు సార్ అది. రైతు యాడికో పోయింటాడు" అన్నాడు ఓబులేసు. ఆ మాట నిజమే అయి ఉంటుంది. పన్నెండు ఫోటోలు తీసి, తీసినంతసేపూ చీరల వైపు వీపు పెట్టకుండా చూసుకున్నాను.

దారిలో అతని భార్య గురించి అడిగాను. పేరు సుంకమ్మ. నిన్నేమని పిలుస్తుందని అడిగితే సిగ్గుపడ్డాడు. "ఇదో అంటాది. ఇరవై ఎనిమిదేండ్లాయ, నా పేరు ఒక్కసారన్నా నోట్లో ఏసుకోలేదు. రేషన్ కార్డుకి మొగుని పేరు సెప్పమంటే పక్కింటామెతో సెప్పించింది. నోటికాడికి రాదు సార్ ఆయమ్మకి." అంత గర్వం దేనికి అన్నా, నీ పేరు అంత బాగాలేదేమో అని ఏడిపించాను. పగలబడి నవ్వాడు.

ధర్మవరం దారిలో ఒక పెద్ద చెరువు దగ్గర నా సరస్సు దొరికింది. తొమ్మిదిన్నర అయింది. చెరువు ముప్పావు వంతు ఎండిపోయి, మధ్యలో మిగిలిన నీళ్లు అద్దంలా నిలిచి ఉన్నాయి. నెర్రెలిచ్చిన బురద మీద కాలి గుర్తులు నీళ్ల వైపు పోయాయి. తిరిగొచ్చిన గుర్తులు నాకు కనిపించలేదు. దూరంగా ఒక గొర్రెల కాపరి మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. నీళ్ల దగ్గరికి దారెటని కేకేశాను. కదల్లేదు. మళ్లీ అరిచాను. గొర్రెలు తలెత్తి చూశాయి గానీ మనిషి తల తిప్పలేదు. మూడోసారి అరిస్తే అప్పుడు తిరిగి, మామూలుగా నడుచుకుంటూ వచ్చి, "ఏమి కావల్లప్పా?" అన్నాడు. చెవుడా అని విసుక్కున్నాను. "సెవుడు ల్యా. ఈ బయల్లో ఒక పిలుపుకి పలకం. మూడుసార్లు పిలిచినోడే మనిసి" అన్నాడు. ఓబులేసు కూడా అవునన్నట్టు తలూపాడు. ఎండ ఎక్కిన వేళ పేరు పెట్టి ఒక్కసారి పిలిచే గొంతు మనిషిది కాదట, పలికితే వెంట పోవాల్సిందేనట. చదువుకున్నవాణ్ణి గదా, బాగా వెక్కిరించాను.

నీళ్లలో పక్క గుట్ట నీడ పడే కోణం కోసం చెరువు చుట్టూ తిరిగాను. "పొద్దెక్కుతాండాది సార్, పోదామా" అని ఓబులేసు రెండుసార్లు అడిగాడు. పది నిమిషాలన్నాను, ఇంకో పది నిమిషాలన్నాను. చెరువు వదిలేసరికి పదకొండూ ముప్పావు అయింది. ఆ ఆలస్యం నాదే. ఇది రాయకుండా మిగతాది రాస్తే అబద్ధమవుతుంది.

పన్నెండున్నరకు రోడ్డు దిగి, బండిదారిలో బోద దగ్గరికి చేరాం. ఎంత దూరం చూసినా పండిన రంగు గడ్డి, దాని మీద ఆడుతున్న ఎండ. పిట్ట అరుపు కూడా లేదు. రేగుచెట్టు కింద నాలుగు మోపులు వరసగా కట్టి ఉన్నాయి. అయిదో మోపు పరిచి, తాడు వేసి, ముడి వేయకుండా వదిలేసి ఉంది. కొడవలి దాని పక్కనే. బిందె బోర్లించి ఉంది. సుంకమ్మ లేదు. ఓబులేసు నోటికి చేతులు అడ్డం పెట్టి "ఓ సుంకమ్మా" అని మూడుసార్లు పిలిచాడు. జవాబు రాలేదు. ఇంకో మూడుసార్లు పిలిచాడు. అంతసేపటికి నాకు భయం మొదలైంది.

అప్పుడు ఎడమ పక్క నుంచి, గడ్డిలో ఎక్కడో, ఒక ఆడగొంతు "ఓబులేసా" అంది. గట్టిగా కాదు. పక్క గదిలోంచి పిలిచినట్టు, స్పష్టంగా. నేను అటు తిరిగేలోపల ఓబులేసు నా మణికట్టు పట్టుకున్నాడు. "పలకొద్దు సార్. ఇంకోసారి పిలవనీ." ఇద్దరం నిలబడ్డాం. పొద్దున వెక్కిరించిన నోరు నాదే, అయినా కాలు కదపలేకపోయాను. రెండో పిలుపు రాలేదు. గడ్డి ఒక్కచోట కొంచెం ఊగి ఆగిపోయింది. "ఆడమనిషి గొంతు గదన్నా, అక్కేనేమో" అన్నాను గుసగుసగా. "ఆయమ్మ నా పేరు పలకదు సార్. సచ్చినా పలకదు. అది సుంకమ్మ కాదు." ఆ మాట మీద అతనికి ఎంత నమ్మకమంటే, నన్ను లాక్కుని గొంతు వచ్చిన దిక్కుకి సరిగ్గా ఎదురు దిక్కున వెతకడానికి బయల్దేరాడు.

కుడి పక్కనంతా తిరిగాం. గడ్డి కోసుకుని చేతులు మండుతున్నాయి. నా వాచీలో ఇరవై అయిదు నిమిషాలు గడిచాయి. వెనక్కి తిరిగొచ్చి మళ్లీ ఆ ముడి వేయని మోపు చూశాను. ఇంక ఉండలేకపోయాను. అది మనిషైనా సరే, కాకపోయినా సరే అనుకుని, కెమెరా మోపుల మీద పడేసి ఎడమ పక్కకి నడిచాను. ధైర్యంతో పోలేదు. చెరువు దగ్గర నేను తిన్న రెండు గంటలు నన్ను తరిమాయి. ఓబులేసు వెనక నుంచి "వద్దు సార్, వద్దు" అంటూనే వచ్చాడు. వంద అడుగులు పోయాక గడ్డి కింద ఒక వంక ఉంది, ఎండిపోయిన వాగు. అందులో బండ నీడకి సుంకమ్మ ఒక పక్కకు పడి ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ఒళ్లు కాలిపోతోంది, ఒక్క చుక్క చెమట లేదు. ఓబులేసు నోట్లోంచి వచ్చిన శబ్దం నేను మళ్లీ వినకూడదని కోరుకుంటాను.

ఆటోలో ఉన్న క్యాను నీళ్లు ఆమె మీద పోసి, తువ్వాలు తడిపి కప్పి, పోతూ పోతూ మోపుల మీది కెమెరా అందుకుని, ధర్మవరం ఆసుపత్రికి తీసుకుపోయాం. నేను వెనక సీట్లో ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సెలైన్ ఎక్కించాక డాక్టరమ్మ బయటికొచ్చి, "ఎంతసేపటి నుంచి పడి ఉంది?" అని అడిగింది. ఓబులేసు నా వాచీ వైపు చూశాడు. నేను వాచీ ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

సాయంత్రం అయిదింటికి ఆమెకు బాగా తెలివొచ్చింది. అయిదో మోపు కడుతుంటే కళ్లు తిరిగాయని, నీడకని వంకలోకి దిగానని చెప్పింది. "అక్కా, మమ్మల్ని పిలిచింది నువ్వేనా?" అని అడిగాను. "ఏమని?" అంది. చెప్పాను. ఆమె కొంగు ముఖం దాకా లాక్కుని, గోడవైపు తిరిగింది. "నేను పిలవలేదప్పా. నాలిక పిడచగట్టుకోని పాయె, మాట యాడొస్తాది. ఆయప్ప పేరు నేనెట్ల పలుకుతా?" అంది. నిజంగా పిలవలేదో, పలికినందుకు సిగ్గో నాకు తెలియలేదు. గుమ్మంలో నిలబడి విన్న ఓబులేసు అక్కడే నేల మీద కూలబడ్డాడు. చీకటి పడకముందే రైలెక్కి హిందూపురం వచ్చేశాను. ఆటో బాడుగ ఎంతిచ్చినా ఓబులేసు తీసుకోలేదు.

దసరా ముందు వాళ్లిద్దరూ ఫోటో కోసం స్టూడియోకి వచ్చారు. అలవాటుగా పూలతోట పరదా దించితే, సుంకమ్మ అందులోని గడ్డిని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "ఆ గడ్డి ముందర నేను నిలబడనప్పా" అంది. ఉత్త నీలం గుడ్డ కట్టాను. లైట్లు సరిచేసేసరికి ఓబులేసు రోడ్డు అవతల టీ అంగడికి పోయాడు. "పిలువక్కా, వేళవుతోంది" అన్నాను. ఆమె గుమ్మం దాకా పోయి, బస్సుల మోతలో, మామూలు గొంతుతోనే "ఇదో" అంది. ఒక్కసారే. అవతల ఉన్నవాడికి అది వినపడే వీలే లేదు. ఓబులేసు సగం తాగిన గ్లాసు అక్కడే పెట్టేసి, అటూ ఇటూ కూడా చూడకుండా రోడ్డుకి అడ్డంపడి పరుగెత్తుకొచ్చాడు. ఒక లారీవాడు బ్రేకు వేసి తిట్టాడు. బోదలో విన్న గొంతూ ఈ గొంతూ ఒకటేనా అని ఇన్నేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను, నాకు తేలలేదు. ఓబులేసుకి మాత్రం ఆ లెక్క అక్కర్లేదు. వచ్చి ఆమె పక్కన నిలబడి, ఆయాసపడుతూనే, "ఏమి?" అన్నాడు.

వంగతోట, చెరువు ఫోటోలు ఇప్పటికీ స్టూడియో గోడకు ఉన్నాయి. మూడో ఫోటో తీయలేదు, తీయడానికి మళ్లీ పోలేదు కూడా. మీరు పోతే మే నెలలో పోకండి, వానలు పడ్డాక పోండి, మనిషికి మూడు సీసాల నీళ్లు పెట్టుకోండి, పదకొండు లోపల గడ్డి దాటి రోడ్డెక్కేయండి. ఆ గడ్డిలో మిమ్మల్ని ఎవరైనా పిలిస్తే రెండో పిలుపు కోసం ఆగకండి. ఒక్క పిలుపుకే పలకండి, గొంతు వచ్చిన వైపే పోండి.