వియ్యంకుడితో కారు పందెం

యాభై దాటిన మనిషి శుక్రవారం మధ్యాహ్నం లుంగీ కట్టుకుని టీవీ ముందు కూర్చుని కార్ల పందెం ఆడుతుంటే మా ఆవిడకు ఒళ్ళు మంట. వారమంతా ఈ గల్ఫ్ నగరంలో, వెస్ట్ బే ఆఫీసులో లెక్కలతో కుస్తీ పట్టేవాడికి సెలవు రోజున ఆ మాత్రం సరదా ఉండకూడదా అని నా వాదన. "తాతయ్యారు. ఇంకా ఈ బుయ్‌బుయ్‌లేమిటి?" అని ఆవిడ వాదన. నేను ఆడటం మానలేదు, ఆవిడ తిట్టడం మానలేదు.

కొత్తగా పుట్టిన మనవరాలిని చూడటానికి మా వియ్యంకుడు జగిత్యాల నుంచి వచ్చాడు. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి. అల్ వుకైర్‌లో కొడుకు దగ్గర, అంటే మా అల్లుడి దగ్గర, దిగాడు. ఆ రోజు ఆఫీసులో సెలవివ్వక నేను ఎయిర్‌పోర్టుకు వెళ్ళలేకపోయాను. అంతే, అలక. పురిటికి మా ఇంట్లోనే ఉన్న కూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాన్నా, మామయ్య బారసాల దాకా ఉండరట. టికెట్ ముందుకు మార్పించమంటున్నారట." మామగారు అలిగి వెళ్ళిపోయాక నా కూతురు అత్తవారింట్లో తలెత్తుకునేదెలా?

మర్నాడు శుక్రవారం. తండ్రీకొడుకులను మదీనత్ ఖలీఫాలో మా ఇంటికి భోజనానికి పిలిచాం. వియ్యంకుడు పాపను చూసి మురిసిపోయాడు, నన్ను చూసి ముడుచుకుపోయాడు. ఏం మాట్లాడాలో తోచక ఆట పెట్టాను. తెర మీద బళ్ళు కనబడగానే ఆయన మెడ సాగింది. రెండో రిమోట్ చేతిలో పెట్టాను. మా ఆవిడ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "మగపెళ్ళివారు. ఓడిపోయి తగలడండి," అంది.

చెప్పడం తేలికే. ఆయన్ని గెలిపించడం దేవుడి తరం కూడా కాదు. మలుపు కనబడితే చాలు, బండి నెమ్మది చేస్తాడు. కాలితో కార్పెట్ మీద బ్రేకు తొక్కుతాడు. వెనక ఎవరైనా వస్తే పక్కకు తీసి దారిస్తాడు.

"హారన్ ఏది బావా?"

"ఇందులో లేదండీ."

"హారన్ లేకుంట బండెట్ల నడుపుతరు?"

నేను గోడను గుద్దాను. సముద్రంలోకి దూకాను. కొంత దూరం రివర్సులో వెళ్ళాను. అయినా నేనే ముందు! చివరికి గెలుపు గీత ముందు కారు ఆపేసి, టీ ఊదుకుంటూ ఆయన కోసం ఎదురుచూశాను.

ఆయన రిమోట్ కింద పెట్టేశాడు. "కావాల్నని ఆగిన్రు గదా? ఎయిర్‌పోర్టుకు రాలే, డ్యూటీ అన్నరు, సరే. ఆటల గూడ నన్ను చిన్నపిల్లగాని లెక్క చూస్తున్నరు. నేను పోత."

నాకు చిర్రెత్తుకొచ్చింది. మర్యాద చెయ్యకపోతే అలక, చేస్తే అలక! "అయితే కూర్చోండి. ఇప్పుడు చూసుకుందాం," అన్నాను. ఇక వియ్యంకుడూ లేదు, మగపెళ్ళివారూ లేదు. ఆయన రెండో మలుపు దాటేలోపు నేను పందెం ముగించేశాను. గుమ్మంలో మా ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. కూతురు పాపను గుండెకు హత్తుకుని బిగుసుకుపోయింది.

వియ్యంకుడు తెరను చూశాడు, నన్ను చూశాడు. కొడుకు వైపు తిరిగి, "ఆ టికెట్ ముచ్చట ఇడ్సిపెట్టు. ఈయనను ఓడగొట్టినంకనే పోత," అన్నాడు.

బారసాల అయింది. పాప చెవిలో పేరు ఆయనే చెప్పాడు. చెప్పి, నేరుగా టీవీ ముందుకొచ్చి కూర్చున్నాడు. ఇప్పుడాయన దారివ్వడం మానేశాడు. "జరుగు బావా, జరుగు!" అని అరుస్తూ నన్నే గుద్దేస్తున్నాడు. మొన్న శుక్రవారం వెంట్రుకవాసిలో బయటపడ్డాను. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను, నా పక్కన కూర్చుని ఇంత గట్టిగా నవ్విన మనిషి మరొకరు లేరు. ఆయన గెలిచి వెళ్ళిపోతే నాకు బెంగే. అందుకే రోజూ ఆఫీసు నుంచి రాగానే ప్రాక్టీసు చేస్తున్నాను.